తాడిని తన్నేవాడి తల తన్నేవాడు

మొన్న ఆదివారం పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చేస్తున్నాను. సెలవులకు వచ్చిన మా మనవరాలు పీట వాల్చుకుని ఎదురుగా కూర్చుంది.

"అమ్మమ్మా! ట్యాంకును ఎవరు కొడతారు?" అంది.

"కొట్టడమెందుకే? నిండితే అదే పొర్లుతుంది. ముందు పోయి మోటారు బందు చేసి రా" అన్నాను.

అది పకపకా నవ్వింది. నా ట్యాంకు మేడ మీది నల్లటి నీళ్ళ ట్యాంకు. దాని ట్యాంకు ఉక్కు కవచం తొడుక్కుని, ఇనుప గొలుసుల మీద పాకుతూ, ముక్కులో ఫిరంగి పెట్టుకుని వచ్చే యుద్ధపు ట్యాంకు. ఒక్క మాటకు రెండర్థాలుంటే ఇంట్లో ఇలాగే ఉంటుంది మరి.

నవ్వులాట సరే, ఆ ప్రశ్న వెనక సంగతి వేరే ఉంది. పిల్ల ఇంటర్ రెండో సంవత్సరం. ఇంజనీరింగూ వద్దు, డాక్టరీ వద్దు, ఎన్‌డీఏ పరీక్ష రాసి సైన్యంలో చేరతానని కూర్చుంది. తాండూరు నుంచి మా అమ్మాయి ఫోను చేసి, "నువ్వన్నా చెప్పమ్మా, నీ మాటయితే వింటుంది" అని ఒకటే గోల. అంటే బొంరాస్‌పేటకు పిల్లను పంపింది సెలవులకు కాదన్నమాట, నా చేత బుద్ధి చెప్పించడానికి!

ముప్ఫై ఏళ్ళు బడిలో సోషల్ చెప్పినదాన్ని. యుద్ధమంటే తేదీ, కారణాలు, ఫలితాలు. అయిదు మార్కుల ప్రశ్న. అంతకు మించి నేనూ ఎరగను. తెలియని దాన్ని వద్దనడం ఎలా? అందుకని పిల్ల తెచ్చుకున్న పుస్తకాలూ, నా దగ్గరున్నవీ ముందేసుకుని నాలుగు రోజులు చదివాను. చదివిందేదో మీకూ చెబుతాను. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి పిల్లలుంటారు కదా!

ముందు ఆ పేరు సంగతి. అసలు నా ట్యాంకే ముందు, దాని ట్యాంకు తర్వాత! మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండువాళ్ళు ఈ కొత్త యంత్రాన్ని రహస్యంగా తయారు చేస్తూ, కూలీలకు కూడా గుట్టు తెలియకూడదని, ఇవి ఎడారిలో ఉన్న సైనికులకు నీళ్ళు మోసే తొట్లు అని పుకారు పుట్టించారు. 1915 డిసెంబరులో ట్యాంకు అన్న పేరే ఖాయం చేశారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధంలో అవి మొదటిసారి కదిలాయి. అబద్ధం ఆడితే అది పేరై నిలిచిపోయిందన్నమాట.

దానికి రెండు నెలల ముందు, జులై 14న, అదే సోమ్ యుద్ధంలో హై వుడ్ అనే అడవి దగ్గర ఒక గుర్రపు దళం బల్లేలు పట్టుకుని మర తుపాకుల మీదికి దూకింది. ఆ దళం పేరు దక్కన్ హార్స్. ఎక్కడో విన్నట్టుంది కదూ? మన హైదరాబాదు గుర్రాలే అవి! 1790లో నిజాము కొలువులో పుట్టిన దళం. ఆ మీదట ఇంగ్లీషువాళ్ళ అజమాయిషీలో హైదరాబాదు కంటింజెంటు అయింది. గుర్రం కాలం ముగియడమూ, ట్యాంకు కాలం మొదలవడమూ ఒకే యుద్ధంలో, రెండు నెలల తేడాలో జరిగాయి. ముగిసేచోట మనవాళ్ళున్నారు. ఈ దక్కన్ హార్స్‌ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని మనవాళ్ళు ఊరికే అనలేదు. ట్యాంకు రాగానే దాని తల తన్నే ఫిరంగీ వచ్చింది. చిక్కేమిటంటే, అది బరువు. ఇంగ్లండువాళ్ళ పదిహేడు పౌండ్ల ఫిరంగి ఒక్కటీ మూడు టన్నులు తూగేది. దాన్ని లారీకి కట్టి లాక్కుపోవాలి, దింపాలి, కాళ్ళు నాటాలి, గురి చూడాలి. ఈ పెళ్ళివారి సంబరం ముగిసేలోగా ట్యాంకు పక్కసందులోంచి వెళ్ళిపోయేది. 1940లో జర్మనీ ట్యాంకులు ఫ్రాన్సును ఆరు వారాల్లో చుట్టేసినప్పుడు అందరికీ ఈ సంగతి తెలిసొచ్చింది. ఫిరంగిని లాగడం కాదు, ఫిరంగికే కాళ్ళు మొలిపించాలి!

అలా పుట్టినవే ట్యాంకుల్ని వేటాడే బండ్లు. గొలుసు చక్రాల బండి మీద పెద్ద ఫిరంగిని బిగిస్తే సరి. చూడ్డానికి ట్యాంకులాగే ఉంటుంది గాని, ట్యాంకు పని వేరు, దీని పని వేరు. ట్యాంకు అన్ని పనులూ చెయ్యాలి. ఇది ఒక్క ట్యాంకునే కొట్టాలి.

జర్మన్లు దీన్ని మొదట చేసిన తీరు చూస్తే నాకు మా అమ్మ కుట్టే బొంత గుర్తొచ్చింది. చిరిగిన చీర ఒకటి, పాత ధోవతి ఒకటి, లోపల ఇంకేవో పాత గుడ్డలు. అన్నీ కలిపి కుడితే చలికాలం గడిచిపోయేది. వీళ్ళూ అంతే. తమ దగ్గర పాతబడి మూలకు పడ్డ చిన్న ట్యాంకు బండి తీసుకున్నారు. ఆక్రమించుకున్న చెకోస్లొవేకియాలో దొరికిన 47 మి.మీ. ఫిరంగిని దాని మీద కూర్చోబెట్టారు. మూడు పక్కలా రేకు కట్టారు. పైన కప్పు లేదు. ఇలాంటివి రెండొందల దాకా చేశారు. 1942లో రష్యా మీద పోరాడుతూ, రష్యన్ల దగ్గర చేజిక్కిన ఫిరంగుల్నే తమ బండ్ల మీదికెక్కించి మార్డర్ అన్నారు. వాళ్ళ కర్రతో వాళ్ళనే కొట్టడం!

తర్వాత్తర్వాత బొంత మానేసి కొత్త గుడ్డే నేశారు. ట్యాంకు నెత్తిన గిర్రున తిరిగే బురుజు ఒకటి ఉంటుంది చూశారా, ఖర్చంతా అక్కడే. ఆ బురుజు తీసేసి ఫిరంగిని ముందు గోడలోనే బిగిస్తే బండి పొట్టిదవుతుంది, చవకవుతుంది, పొద చాటున దాక్కుంటుంది. ష్టుగ్ అనే ఈ రకం పదివేల దాకా చేశారు. హెట్జర్ అనేది ఇంకా పొట్టిది. ఏడడుగుల ఎత్తు, పదహారు టన్నుల బరువు. అందులో నలుగురు మనుషులు అగ్గిపెట్టెలో పుల్లల్లా సర్దుకోవాలి. తిరిగే బురుజు లేదు గనక పక్కనుంచి శత్రువొస్తే బండి మొత్తాన్నీ తిప్పుకోవాలి. మెడ పట్టేసినవాళ్ళు పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూస్తారే, అలా అన్నమాట.

పొదుపు చేసినన్నాళ్ళు బాగానే ఉంది. గొప్పకు పోయినప్పుడే చెడింది. పోర్షె అనే పేరుమోసిన ఇంజనీరు పేరు మీద ఫెర్డినాండ్ అనే మహాకాయాన్ని తొంభై దాకా చేశారు. 65 టన్నులు. 88 మి.మీ. ఫిరంగి. 1943 జులైలో కుర్‌స్క్ యుద్ధానికి దింపారు. ఎదురుగా వచ్చిన ట్యాంకుల్ని దూరం నుంచే పిండి చేసింది. కాని దగ్గరికొచ్చిన మనిషిని కొట్టడానికి దానికో చిన్న మర తుపాకీ అయినా అమర్చలేదు! కొన్ని మందుపాతరల మీద కూలబడ్డాయి, కొన్ని ఇంజను చెడి ఆగాయి. ఆగినచోట రష్యన్ సిపాయిలు నడిచొచ్చి చుట్టుముట్టారు. ఏనుగంత ఒళ్ళుండి చీమను విదుల్చుకోలేకపోవడమంటే ఇదే. ఆ తర్వాత మర తుపాకీ పెట్టారనుకోండి. అంతా అయ్యాక.

అయినా బుద్ధి రాలేదు. యుద్ధం చివర్లో 70 టన్నులు దాటిన యాగ్డ్‌టైగర్‌ని చేశారు. దాన్ని కొట్టిన వాళ్ళు తక్కువ. పెట్రోలు లేక, మరమ్మతు కాక, దారిలో వదిలేసి తామే పేల్చేసుకున్నవే ఎక్కువ.

ఇంగ్లండువాళ్ళు ఇంకో చిత్రం చేశారు. వాళ్ళ పాత వాలెంటైన్ బండి చిన్నది, పదిహేడు పౌండ్ల ఫిరంగేమో పొడుగు. ముందుకు బిగిస్తే ఇమడలేదు. ఏం చేశారంటారు? వెనక్కి తిప్పి బిగించారు! బండి ఒకవైపు నడుస్తుంది, ఫిరంగి ఇంకోవైపు చూస్తుంది. దాని పేరు ఆర్చర్. నవ్వొస్తోంది కదూ? వాడినవాళ్ళు మాత్రం మెచ్చుకున్నారు. పొద చాటుకు వెనక్కి వచ్చి నిలబడి, ఒక్క దెబ్బ కొట్టి, బండి తిప్పుకోకుండానే నేరుగా ఉడాయించవచ్చు. అలాంటివి 655 చేశారు. తప్పు కుట్టిన జాకెట్టు ఒక్కోసారి కొత్త ఫ్యాషనవుతుంది చూడండి!

ఇక అమెరికా. వాళ్ళు దీనికోసం ఒక ప్రత్యేక దళాన్నే పెట్టారు. ట్యాంకును పళ్ళతో నమిలేస్తున్న నల్లచిరుత వాళ్ళ గుర్తు. వాళ్ళ బండ్లలో ఎం-18 అందరికీ తెలిసినది. హెల్‌క్యాట్ అని ముద్దు పేరు. బ్యూక్ కార్లు చేసే కంపెనీ 1943, 44లలో 2,507 బండ్లు చేసింది. గంటకు 80 కిలోమీటర్ల పైన పరుగెత్తేది. ఆ యుద్ధంలో గొలుసు చక్రాల బండ్లలో అంత పరుగు దేనికీ లేదు.

అంత పరుగు ఎక్కడినుంచి వచ్చింది? కవచం తీసేస్తే వచ్చింది. చాలాచోట్ల అరంగుళం రేకు. పైన కప్పు అసలు లేదు. వానొస్తే తడవాలి, మంచు పడితే వణకాలి, చెట్టు మీద గుండు పేలితే ముక్కలన్నీ నెత్తిన పడాలి. వేగమే మీకు కవచమని పెద్దలు సెలవిచ్చారు. 1944 సెప్టెంబరులో ఫ్రాన్సులోని అర్రకూర్ దగ్గర పొగమంచులో నాలుగు హెల్‌క్యాట్లు జర్మన్ ట్యాంకుల వరసకు అడ్డుపడి చాలావాటిని కూల్చాయి. ఆ నాలుగింటిలో మూడు మిగల్లేదు.

ఇక్కడ నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. పేరు వేటగాడిదే గాని, వేటగాడి ఒంటి మీద చొక్కా లేదు. డబ్బు ఆదా అయిన చోట, బరువు ఆదా అయిన చోట, ఆ లోటును ఎవరో ఒకరు ప్రాణం పెట్టి పూడ్చారు. ఇది పిల్లకు చెప్పాలనుకున్నాను.

యుద్ధం కాగానే అమెరికా ఆ దళాన్ని రద్దు చేసింది. ట్యాంకును కొట్టడానికి మంచి ట్యాంకే చాలనుకున్నారు. బండ్లు మాత్రం ఊళ్ళు తిరిగాయి. హెల్‌క్యాట్‌కు అన్నలాంటి ఎం-36 రకం పాకిస్తాను చేరి, 1965లో మన మీదికే వచ్చింది.

"అమ్మమ్మా, వీటిల్లో ఆడవాళ్ళెవరూ లేరా?" అని మధ్యలో అడ్డొచ్చింది మా పిల్ల. ఉన్నారు. వేటబండి కాదు, ట్యాంకే అనుకోండి. రష్యాలో మరియా అక్త్యాబ్రస్కయా అనే ఆవిడ భర్త 1941లో యుద్ధంలో చనిపోయాడు. ఆవిడ ఇంట్లో ఉన్నవి అమ్మి, దాచుకున్నదంతా కలిపి యాభై వేల రూబుళ్ళు ప్రభుత్వానికిచ్చి, ఒక టి-34 ట్యాంకు కొనండి, దాన్ని నేనే నడుపుతానని ఉత్తరం రాసింది. నేర్చుకుంది, నడిపింది. యుద్ధం మధ్యలో కిందికి దిగి దెబ్బతిన్న గొలుసును తనే బాగుచేసేది. అలా బాగుచేస్తుండగానే తగిలిన గాయంతో 1944 మార్చిలో పోయింది. మనం నగలమ్మి పొలం కొంటాం, పిల్లల్ని చదివిస్తాం. ఆవిడ ట్యాంకు కొంది.

ఇక మన వైపు సంగతికి వద్దాం. 1948 సెప్టెంబరుకు మా అమ్మకు పన్నెండేళ్ళు. అప్పట్లో మా కొడంగల్ తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాలు మార్చినప్పుడు మేమూ, తాండూరువాళ్ళూ ఇటు వచ్చాం. "ఇనుప ఏనుగులు వస్తున్నయంట" అని ఊళ్ళో అనుకునేవారని అమ్మ చెప్పేది. సెప్టెంబరు 13న షోలాపూర్ వైపు నుంచి భారత సైన్యం నిజాము రాజ్యంలోకి వచ్చింది. నల్దుర్గ్ దగ్గర బోరి నది వంతెన కూలకముందే పట్టుకున్నారు. 3వ కావల్రీ ట్యాంకులు తుల్జాపూర్ వైపు కదిలాయి. 17వ తేదీకి అంతా అయిపోయింది. 18న నిజాము సేనాని ఎల్ ఎడ్రూస్ లొంగిపోయింది మేజర్ జనరల్ జయంతనాథ్ చౌధురికి. ఇనుప ఏనుగుకు ఎదురు నిలవడం ఇక్కడివాళ్ళ వల్ల కాలేదు. ముందూ వెనకా పోయిన మామూలు మనుషుల ప్రాణాల సంగతి తలుచుకుంటే మా అమ్మ గొంతు తగ్గేది. అందుకని నేనూ ఎక్కువ అడిగేదాన్ని కాదు.

పదిహేడేళ్ళు గడిచాయి. 1965 సెప్టెంబరు. అదే చౌధురి ఇప్పుడు దేశమంతటికీ సైన్యాధిపతి. పంజాబులో ఖేమ్‌కరణ్ దాటి అసల్ ఉత్తర్ అనే ఊరి వైపు పాకిస్తాను ట్యాంకులు వచ్చాయి. అమెరికా ఇచ్చిన ప్యాటన్లు. ఒక్కోటీ 45 టన్నులు. ఎదురుగా మనవాళ్ళలో ఎవరున్నారో తెలుసా? తుల్జాపూర్ వైపు వెళ్ళిన ఆ 3వ కావల్రీ. సోమ్‌లో గుర్రాల మీద దూకిన మన దక్కన్ హార్స్! ఇప్పుడు వాళ్ళ కింద గుర్రాలు లేవు, రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత షెర్మన్ ట్యాంకులున్నాయి.

పాత ట్యాంకులతో కొత్తవాటిని ఎలా ఆపడం? మనవాళ్ళు కాలువలకు గండి కొట్టి చెరకు తోటల్లోకి నీళ్ళొదిలారు. దమ్ము చేసిన మడిలో ట్రాక్టరు దిగబడితే ఎలా ఉంటుందో మా ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. 45 టన్నుల ప్యాటన్ ఎలా దిగబడిందో ఊహించుకోండి. నీళ్ళ ట్యాంకు పేరు పెట్టుకున్నదాన్ని చివరికి నీళ్ళే పట్టుకున్నాయి!

ఆ చెరకు తోటల చాటున ఒక జీపు ఉంది. దాని మీద 106 మి.మీ. ఫిరంగి. పేల్చినప్పుడు సగం మంట వెనక్కి పోతుంది గనక తన్ను ఉండదు. అందుకే రెండు క్వింటాళ్ళ బరువుతోనే సరిపెట్టారు, జీపు మోస్తుంది. కాని ఆ వెనక్కి పోయే మంటా, దుమ్మూ మేమిక్కడున్నామని శత్రువుకు చెప్పేస్తాయి. ఒక దెబ్బ కొట్టగానే చోటు మారకపోతే రెండో దెబ్బ మనకే. ప్రపంచంలో వేటబండ్లన్నిటిలోకీ పేదది ఇది. కప్పు సరే, గోడలు కూడా లేవు.

ఆ జీపులో ఉన్నాయన అబ్దుల్ హమీద్. ఉత్తరప్రదేశ్‌లో గాజీపూర్ జిల్లా ధామూపూర్. నాన్న దర్జీ. చిన్నప్పుడు తనూ బట్టలు కుట్టాడు. సైన్యంలో ఆయన హోదా కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్. అంటే సామాను లెక్కలు చూసే ఉద్యోగం. మన భాషలో చెప్పాలంటే కొట్టుగది తాళాలు ఆయన దగ్గరుంటాయి. కాని ఆ ఫిరంగి మీద చెయ్యి తిరిగినవాడు. చీమా అనే ఊరి దగ్గర ఆయన జీపును చెరకులో దాచి ఒక ట్యాంకును కొట్టాడు, చోటు మార్చాడు, ఇంకోదాన్ని కొట్టాడు. సెప్టెంబరు 10న చివరి ట్యాంకూ, ఆయనా ఒకరినొకరు ఒకేసారి చూసుకున్నారు. ఇక చోటు మార్చే వ్యవధి లేదు.

ఆ యుద్ధంలో అక్కడ పాకిస్తాను 97 ట్యాంకులు పోగొట్టుకుందని మనవాళ్ళ లెక్క. పట్టుబడ్డవాటిని వరసగా నిలబెట్టిన చోటుకు ప్యాటన్ నగర్ అని పేరొచ్చింది.

1966 జనవరి 26న ఢిల్లీలో పరమవీర చక్రం అందుకోవడానికి ఆయన భార్య రసూలన్ బీబీ వచ్చింది. ఇచ్చినది ఒకప్పుడు మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడుగా ఉన్న రాష్ట్రపతి రాధాకృష్ణన్. ఆ తర్వాత ఆవిడ యాభై మూడేళ్ళు బతికి 2019 ఆగస్టులో పోయింది. పుస్తకాల్లో ఫిరంగి ఎన్ని మి.మీ.లో ఉంటుంది, కవచం ఎంత మందమో ఉంటుంది. ఆ యాభై మూడేళ్ళు ఎలా గడిచాయో ఏ పట్టికలోనూ ఉండదు.

ఈ కథకు చివరి ముక్క మన గడపలోనే ఉంది. వికారాబాద్ నుంచి సికింద్రాబాద్ వెళ్ళే రైల్లో శంకర్‌పల్లి వస్తుంది కదా, దానికి దగ్గర్లో ఎద్దుమైలారం ఉంది. 1984లో అక్కడ ఆయుధ కర్మాగారం పెట్టారు. శరత్ అనే సైనిక బండ్లు అక్కడ తయారవుతాయి. హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని డీఆర్‌డీఎల్‌లో అబ్దుల్ కలాంగారి హయాంలో 1983లో మొదలైన అయిదు క్షిపణుల పథకంలో ఒకటి నాగ్. పేరుకు తగ్గట్టు పడగెత్తి పైనుంచి కాటేస్తుంది. ఏ ట్యాంకుకైనా నెత్తి మీది కవచమే పల్చన. 1990లో మొదటి పరీక్ష, 2020 అక్టోబరులో పోఖ్రాన్‌లో చివరి పరీక్ష. శరత్ బండి మీద ఆరు నాగ్‌లను ఎక్కించిన దానికి నామికా అని పేరు. సైన్యం కోసం 2025 మార్చిలో ఒప్పందం రాసుకున్నారు. నలభై ఏళ్ళు దాటిన పని! అసలు సంగతి ఏమిటంటే, దాన్ని పేల్చేవాళ్ళు ఉక్కు తలుపులు మూసుకుని లోపల కూర్చుంటారు. వదిలాక క్షిపణి దారి అదే వెతుక్కుంటుంది, వీళ్ళు తప్పుకోవచ్చు. హమీద్ జీపుకు లేని కప్పు ఇన్నాళ్ళకు కట్టారన్నమాట.

ఇదంతా చెప్పడానికి మూడు రోజులు పట్టింది. మా పిల్ల చెవులు రిక్కించి విన్నది. కప్పు లేని బండ్ల సంగతి చెప్పాను. రసూలన్ బీబీ సంగతి కూడా దాచలేదు. భయపడుతుందేమోనని చూశాను. "హమీద్ దగ్గర జీపు బదులు మంచి బండి ఉంటే బతికేవాడా?" అని అడిగింది. ఏమో తల్లీ అన్నాను. "అలాంటివి ఎవరో ఒకరు లోపల ఉండి అడగాలి కదా అమ్మమ్మా" అంది.

2022లో ఎన్‌డీఏలో అడుగుపెట్టిన మొదటి ఆడపిల్లలు పదిహేడుమంది 2025 మే నెలలో చదువు ముగించుకుని బయటికొచ్చారట. 2023లో అయిదుగురు అమ్మాయిలు ఫిరంగి దళంలోనే ఆఫీసర్లయ్యారట. ఇవన్నీ అదే నాకు చెప్పింది. పాఠం ఎవరు ఎవరికి చెప్పారో మీరే తేల్చండి.

రాత్రి తాండూరు నుంచి మా అమ్మాయి ఫోను. "ఏమైందమ్మా? చెప్పావా?"

"అన్నీ చెప్పాను."

"ఏమంటోంది?"

"దరఖాస్తుకు ఫోటో కావాలంట. రేపు కొడంగల్ తీసుకెళ్ళి తీయిస్తాను" అన్నాను.

అవతల చాలాసేపు మాట లేదు. ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను. పెట్టెయ్యలేదు. "జుట్టు బాగా దువ్వి తీయించు, చెవుల మీదికి పడనియ్యకు" అంది చివరికి. గొంతు కొంచెం బొంగురుపోయింది.

నాకూ అంతేలెండి. చెబితే ఏముంది!